సాయం లారీల దారి పక్కనే మొదలవ్వాలి

పెద్ద రవాణా కంపెనీ సేవా కార్యక్రమం అనగానే మనకు దాదాపు ఒకే ఫొటో కనిపిస్తుంది. వేదిక మీద చెక్కు, వెనక బ్యానర్, ముందు వరుసలో స్కూలు బ్యాగులు పట్టుకున్న పిల్లలు. ఇచ్చినది ఎంతైనా మేలే. అయితే 1933లో ఓడరేవు మొదలైనప్పటి నుంచి సరుకుల రాకపోకలతోనే పెరిగిన విశాఖ ఈ కంపెనీలను అంతకన్నా పెద్ద కోరిక కోరవచ్చని నా అభిప్రాయం.

2021 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. దేశమంతా ఆక్సిజన్ కోసం అల్లాడిపోయింది. మన స్టీల్‌ప్లాంటులో ద్రవ ఆక్సిజన్ ఉంది, దాన్ని మహారాష్ట్ర ఆసుపత్రులకు చేర్చడమే కష్టమైంది. మహారాష్ట్రలోని కలంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్లను రైలెక్కించి ఇక్కడికి తెచ్చి, నింపి, ఏప్రిల్ 22న ఏడు ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌ను పంపారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక కూడా ఊరు బండ్ల కోసమే ఎదురు చూసింది. కరెంటు స్తంభాలు, జనరేటర్లు, పాలు, మంచినీళ్లు, అన్నీ ఎవరో ఒకరు మోసుకురావాల్సినవే. అందుకే తుపాను హెచ్చరిక రాకముందే ఎన్ని లారీలు, ఏ గోడౌను, ఎంత డీజిలు ఇస్తారో కలెక్టరేట్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్న కంపెనీని నేను నిజమైన దాత అంటాను.

ఇక మామూలు రోజుల సంగతి. పోర్టు వైపు లోడు కోసం ఆగిన లారీల వరుస చూడండి. బండి నీడలో చిన్న స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటుంది, క్లీనర్ కుర్రాడు నీళ్ల క్యాను పట్టుకుని కుళాయి వెతుక్కుంటూ పోతాడు. స్నానానికి, మరుగుదొడ్డికి చోటు దొరకడమే గగనం. రాత్రంతా ఎదుటి బండి లైట్లు కళ్లలో పడుతుంటే నడిపే మనిషికి చూపు సరిగా ఉందో లేదో అడిగేవాళ్లు తక్కువ. అటు జ్ఞానాపురంలో ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము పడుతుందని జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. లారీల మీద లాభం వచ్చిన చోటే ఈ కష్టం కూడా ఉంది. సాయం ఇక్కడ దిగకుండా ఎక్కడో దూరాన దిగితే నాకు బాధగానే ఉంటుంది.

చట్టం అడ్డు అంటారా? కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ అందులోనే ఉంది. సొంత ఉద్యోగులకు మాత్రమే చేసే ఖర్చు లెక్కలోకి రాదు, నిజమే. కానీ కిరాయి లారీల డ్రైవర్లు చాలామంది ఆ కంపెనీ జీతాల పట్టీలో ఉండరు. అటు ఉద్యోగి సౌకర్యాలూ అందవు, ఇటు సేవా ఖాతాలోనూ వాళ్లకు చోటు ఉండదు. ఆ దారిన వచ్చే ఏ డ్రైవరుకైనా కంటి పరీక్ష చేసి కళ్లజోడు ఇచ్చే కేంద్రం గాజువాకలో తెరిస్తే ఆ చిక్కే రాదు.

ఆమోదించిన సేవా ప్రాజెక్టుల వివరాలను కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలని 2021లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. మన వార్డు మీదుగా లారీలు తిప్పే కంపెనీ పేరుతో ఆ జాబితా తెరిచి, అందులో మల్కాపురం, జ్ఞానాపురం, షీలానగర్ ఉన్నాయేమో చూడాలి. లేకపోతే కార్పొరేటర్లు, కాలనీ సంఘాలు, లారీ డ్రైవర్ల యూనియన్లు వచ్చే ఏడాది ప్రాజెక్టులు ఖరారు కాకముందే ఆ కంపెనీకి అర్జీ పెట్టాలి.