ఎనిమిది లైట్లూ వెలిగితే కేబుల్ బాగున్నట్టేనా?

నెట్‌వర్క్ కేబుల్‌కి సొంతంగా ఆర్‌జే45 ప్లగ్ (రౌటర్‌లోనో కంప్యూటర్‌లోనో దూర్చే ఎనిమిది పిన్ల కొస) పెట్టుకోవడం గురించి ఒక మెసేజ్ చాలా రోజులుగా తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: "రంగుల వరుస అంతా హడావుడి, రెండు చివర్లా ఒకేలా పెడితే చాలు. అసలు పనిచేసేవి నాలుగు తీగలే, మిగతావి స్పేర్. ఏ కేబుల్‌కైనా ఏ ప్లగ్గైనా పడుతుంది. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయా, ఇక టెన్షన్ లేదు." సొంతంగా చేసుకోమనడం బాగానే ఉంది, నేనూ చేసుకుంటాను. ఈ నాలుగు మాటలతోనే పేచీ.

ముందు రంగుల సంగతి. రాగికి రంగు తెలీదు కదా, ఇక్కడి ఒకటో పిన్ అక్కడి ఒకటో పిన్‌కి చేరితే సరిపోతుందనే వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ తొడుగు లోపల ఉన్నవి ఎనిమిది విడి తీగలు కావు, మెలేసిన నాలుగు జతలు. జతలో ఒక తీగ మీద సిగ్నల్ వెళ్తుంటే రెండో దాని మీద సరిగ్గా దాని తలకిందుల సిగ్నల్ వెళ్తుంది, బయటి నుంచి పడే గోల మాత్రం రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది కాబట్టి అవతలి చిప్ రెండింటి తేడా తీసుకోగానే గోల పోయి సిగ్నల్ మిగులుతుంది. ఆ రెండూ కలిపి మెలేసి ఉంటేనే ఇది కుదిరేది.

ఇప్పుడు పిన్లు చూడండి. పరికరాలు జతలుగా వాడేవి 1-2, 3-6, 4-5, 7-8. మూడుకి జోడీ నాలుగు కాదు, ఆరు! (ఇది టెలిఫోన్ నుంచి వచ్చిన వారసత్వం: ఫోన్ ప్లగ్‌లో మొదటి లైన్ నట్టనడిమి రెండు పిన్ల మీద, రెండో లైన్ వాటికి అటూ ఇటూ ఉండేది.) చూడ్డానికి నీట్‌గా ఉంటుందని ఏ రంగు జతని ఆ జతగా పక్కపక్కనే పెట్టేశారనుకోండి, 3లో ఒక జత తీగ, 6లో ఇంకో జత తీగ పడతాయి. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు. రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే అది ఒప్పైపోదు. నేనూ మొదట్లో అలాగే చేశాను. చిన్న ముక్క బాగానే నడిచింది, అదే వరుసలో చేసిన పొడుగు కేబుల్ మాత్రం పడిపోతూ లేస్తూ ఉంటే రెండు రోజులు రౌటర్‌ని తిట్టుకున్నాను.

ఎక్కువమంది వాడే టీ568బీ వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ప్లగ్ క్లిప్ కిందికి, కేబుల్ మీ వైపుకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి మొదలు. టీ568ఏలో నారింజ, ఆకుపచ్చ జతలు చోటు మారతాయి, అంతే. రెండు చివర్లా ఒకటే పెడితే ఏదైనా పర్వాలేదు. ప్లగ్ దగ్గర మెలిక 13 మిల్లీమీటర్లకి మించి విప్పకండి, బయటి తొడుగు కూడా ప్లగ్‌లోకి వెళ్లి నొక్కు కింద ఇరుక్కోవాలి. రెండంగుళాలు విప్పి తీగలు బయటికి వేలాడుతున్న ప్లగ్గులు చాలాచోట్ల చూస్తుంటాం, లాగితే ఊడేవి కూడా అవే.

ఇక టెస్టర్. మామూలు లైట్ల టెస్టర్ చూసేది ఒక్కటే: ఈ పిన్ నుంచి ఆ పిన్‌కి కరెంటు చేరిందా లేదా. ఏ తీగ దేనితో మెలేసి ఉందో దానికి తెలీదు. పైన చెప్పిన నా కేబుల్‌కి కూడా ఎనిమిది లైట్లూ చక్కగా వరసగా వెలిగాయి మరి. తెగిన తీగ, తారుమారైన పిన్ పట్టుకోవడానికి టెస్టర్ కావాల్సిందే, కానీ ఆ తర్వాత అసలు పరికరాలకి తగిలించి లింక్ ఎంత వేగంతో వచ్చిందో చూడండి, ఒక పెద్ద ఫైలు కాపీ చేయండి, స్విచ్‌లో (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలో) ఎర్రర్ల లెక్క కనబడితే అది పెరుగుతోందేమో గమనించండి.

నాలుగు తీగలు చాలన్నది ఒకప్పటి మాట. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 సరిపోతాయి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగు జతలూ కావాలి, దాని ప్రమాణం 1999లోనే వచ్చింది. తమాషా ఏమిటంటే, వేగం ఎంతని రెండు పరికరాలు మాట్లాడుకునేది ఆ మొదటి రెండు జతల మీదే. అందుకని గిగాబిట్‌కి ఒప్పుకుంటాయి, తీరా చూస్తే మిగతా జతలుండవు, దాంతో కొన్ని 100కి దిగిపోతాయి, కొన్ని లింక్ రాక కొట్టుకుంటూనే ఉంటాయి.

ప్లగ్ విషయానికొస్తే, గోడల్లో వేసే కేబుల్‌లో ఒక్కో తీగా ఒకే గట్టి కడ్డీ, ప్యాచ్ కార్డుల్లో (రెండు చివర్లా ప్లగ్గులతో వచ్చే పొట్టి కేబుళ్లలో) సన్నటి పోగుల కట్ట. రెండింటికీ ప్లగ్ లోపలి పళ్లు వేరేగా ఉంటాయి, రెండింటికీ పనికొచ్చే రకం కూడా దొరుకుతుంది, ప్యాకెట్ మీద చూసి కొనండి. క్యాట్6 రకం కేబుల్ తీగలు సాధారణంగా లావు, అంతకు ముందు రకమైన క్యాట్5ఈ ప్లగ్‌లోకి చాలాసార్లు దూరనే దూరవు. గోడలో వేసిన కేబుల్‌కైతే ప్లగ్ బదులు జాక్ (ప్లగ్ దూర్చే గోడ సాకెట్) బిగించి, అక్కడి నుంచి రెడీమేడ్ ప్యాచ్ కార్డు వాడటం మేలు.

కేబుల్ కొనేటప్పుడే సీసీఏ అని రాసుంటే వదిలేయండి, అది రాగి పూత పూసిన అల్యూమినియం. పదేపదే వంచితే రాగి కన్నా తేలిగ్గా విరుగుతుంది, రాగి కన్నా నిరోధం ఎక్కువ కాబట్టి అదే కేబుల్ మీద కెమెరాకి కరెంటు కూడా పంపిస్తే వేడెక్కుతుంది. మొదటి రెండు మూడు ప్లగ్గులు ఎలాగూ పాడవుతాయి, పాడైంది కోసి పారేసి మళ్లీ పెట్టడమే దారి, కాబట్టి రెండు చివర్లా ఒక మూరెడు కేబుల్ ఎక్కువే ఉంచుకోండి.