వాయిదా వేయదగిన ప్రాణాలా?

కరోనా కాలంలో ఆసుపత్రులు వాయిదా వేసిన శస్త్రచికిత్సల పట్టికలో కంటిశుక్లాలు, మోకీళ్ల సరసన కిడ్నీ మార్పిడినీ చాలా దేశాలు చేర్చేశాయి. ఎన్నాళ్లకు వాయిదా అన్నది ఎవరూ చెప్పలేదు. ఏ ప్రాతిపదికన చేర్చారన్న దానిపై జరగాల్సినంత చర్చ నేటికీ జరగలేదు. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ, రాబోయే మహమ్మారులకు దేశాలు సిద్ధపడేందుకు ఉద్దేశించిన మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. దేశాలు తమ సన్నద్ధత ప్రణాళికలను తిరగరాసుకోవాల్సిన సమయమిది. ఆ రాతలోనూ అవయవ మార్పిడి 'వాయిదా' గడిలోనే పడితే, 2020లో దిక్కుతోచక చేసిన పని రేపటికి ఆనవాయితీగా స్థిరపడుతుంది. మా ఆందోళనంతా దాని గురించే.

జరిగిన నష్టం చిన్నది కాదు. 22 దేశాల లెక్కలతో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2020లో అవయవ మార్పిళ్లు అంతకు ముందటేడు కన్నా సుమారు 16 శాతం తగ్గాయి. 11 వేలకు పైగా శస్త్రచికిత్సలు జరగకుండా పోయాయి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కిడ్నీలకే తగిలింది. అవయవం అందక కన్నుమూసినవారు కరోనా మృతుల లెక్కలోకి రాలేదు. లెక్కకు రాని చావులకు జవాబుదారీ ఎవరు?

మెదడు పూర్తిగా పనిచేయడం మానేసి, యంత్రాల సాయంతో గుండె మాత్రమే కొట్టుకుంటున్న జీవన్మృతుడి అవయవాలను కాపాడాలంటే ఐసీయూ పడక, వెంటిలేటర్ కావాలి. అవి కరోనా రోగులకే చాలలేదు. కుటుంబాలను లోపలికి రానివ్వలేదు. గుండె కొట్టుకుంటున్న మనిషి ఇక లేడని, అతని అవయవాలు మరొకరికి ఇవ్వండని ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాటను అవయవదాన సమన్వయకర్తలు ఫోనులో చెప్పాల్సి వచ్చింది. బిడ్డను కళ్లారా చూసుకోనివ్వకుండా తల్లిని సంతకం అడిగితే ఏ నమ్మకంతో చేస్తుంది? ఆమె ఒప్పుకున్నా, సేకరించిన గుండెను నాలుగు నుంచి ఆరు గంటల్లో గ్రహీతకు అమర్చాలి. విమానాలేమో ఆగిపోయాయి.

రోగుల భద్రత కోసమే ఆపామన్న వాదన ఉంది. మార్పిడి తర్వాత వాడే మందులు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి. దాత ఊపిరితిత్తుల నుంచి వైరస్ సోకి గ్రహీత మరణించిన ఉదంతం అమెరికాలో నమోదైంది కూడా. ఆ దాత ముక్కు నుంచి తీసిన నమూనాలో వైరస్ కనిపించలేదు. అలాంటప్పుడు ఊపిరితిత్తుల లోపలి నమూనానూ పరీక్షించాలి. అంతే తప్ప, కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నవారికి తలుపులు మూయడమేమిటి? పైగా ఇంట్లో భద్రంగా ఉండమని చెప్పిన ఆ కిడ్నీ రోగి ఇంట్లో ఉన్నదెక్కడ? వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, పక్కపక్క మంచాల మీద డయాలసిస్ చేయించుకుంటూనే ఉన్నాడు. వైరస్ కాటుకు ఎక్కువగా బలైనవారిలో డయాలసిస్ రోగులూ ఉన్నారు. దీన్ని భద్రత అనడం బుకాయింపు.

ఒకే వైరస్‌ను అన్ని దేశాలూ ఒకేలా ఎదుర్కోలేదు. 2020 ఏప్రిల్ నాటికి, మరణించిన దాతల నుంచి జరిగే మార్పిళ్లు ఫ్రాన్స్‌లో 90 శాతం పడిపోతే అమెరికాలో సగం తగ్గాయి. ఆ తర్వాత తేరుకున్న అమెరికా, ఏడాది ముగిసేసరికి 12,500 మందికి పైగా మరణించిన దాతలతో అప్పటికి తన రికార్డు తానే దాటింది. అక్కడా బతికున్న దాతల సంఖ్య తగ్గిన మాట వాస్తవమే. కానీ తలచుకుంటే ఆగకుండా నడపవచ్చని తేలింది. ఇక 'గత్యంతరం లేదు' అన్న సాకు ఇంకోసారి చెల్లదు.

ప్రపంచ అవసరంలో పదో వంతుకు మించి అవయవాలు మామూలు రోజుల్లోనే అందడం లేదు. అందువల్ల దాతల కోసం విడిగా ఐసీయూ పడకలు, కుటుంబానికి రక్షణ దుస్తులతో లోపలికి అనుమతి, అవయవాల రవాణాకు అత్యవసర హోదా ఇప్పుడే కాగితం మీదికెక్కాలి. ఉపద్రవం వచ్చాక ఆలోచిద్దామనే అధికారులు 2020 నుంచి ఏమీ నేర్చుకోనట్లే. కిడ్నీ మార్పిడి ఎదుట 'వాయిదా' అని రాయదలచినవారు, మళ్లీ ఏ తేదీన చేస్తారో కూడా పక్కనే రాయాలి. తేదీ ఇవ్వలేకపోతే ఆ మాట రాసే హక్కు వారికి లేదు.