టీ అక్షరం ఎవరి సొత్తు?

టోక్యో ఒలింపిక్స్ లోగో ప్రస్తావన వస్తే చాలు, "కాపీ కొట్టి దొరికిపోయారే, అదేనా?" అంటారు. మొన్న మళ్ళీ ఒకాయన అదే మాట అన్నాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

2015 జులై 24న జపాన్ డిజైనర్ కెంజిరో సానో గీసిన చిహ్నాన్ని ఆవిష్కరించారు. మధ్యలో నల్లటి నిలువు దిమ్మె, బంగారు, వెండి రంగుల్లో రెండు వంపులు, పైన కుడివైపు ఎర్రటి బింబం. వెరసి టీ అక్షరం. కొద్ది రోజులకే బెల్జియం డిజైనర్ ఒలివియే డెబీ, లియేజ్ నగర నాటకశాలకు తాను చేసిన లోగోలాగే ఉందన్నాడు. పక్కపక్కన పెడితే పోలిక ఉంది, కాదనను. కానీ ఆయనది టీ, ఎల్ కలిసిన అల్లిక. రంగులు లేవు, ఎర్ర బింబం లేదు.

శుభలేఖలు, దుకాణాల బోర్డులు డిజైన్ చేసి బతుకుతున్నవాణ్ణి నేను. ఒక నిలువు, ఒక అడ్డం, రెండు వంపులతో టీ రాయమంటే, అలాంటిది ఎక్కడో ఎవరో ముందే రాసి ఉంటారు. ఒకసారి ఒక బట్టల కొట్టు యజమాని ఫోనులో బొమ్మ చూపించి, "అచ్చం ఇలాగే ఉండాలి, ఇది మాత్రం కాకూడదు" అన్నాడు. చేసిచ్చాను. తరువాత ఎవరో నిలదీస్తే, "డిజైనరే కాపీ కొట్టాడు" అన్నాడట! అందుకే సానో అంటే నాకు మొదటి నుంచీ కాస్త జాలి.

జాలి వేరు, సమర్థన వేరు. సన్‌టోరీ బీరు ప్రచారానికి ఆయన కార్యాలయం చేసిన 30 సంచుల డిజైన్లలో ఎనిమిదింటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చిహ్నాన్ని విమానాశ్రయంలో ఊహించి చూపిన చిత్రానికి అనుమతి లేని ఫొటో వాడారు. ఇవి తప్పులే. నిర్వాహకులు ఆయన్ను కాపాడబోయి, మొదట పంపిన అసలు డిజైన్‌ను బయటపెట్టారు. అది జర్మనీలో పుట్టిన అక్షర రూపకర్త యాన్ చికోల్డ్ పనితనంపై జరిగిన ప్రదర్శన పోస్టరులా ఉందని మరో గొడవ లేచింది. గోరుచుట్టు మీద రోకటిపోటు! సెప్టెంబరు 1న చిహ్నాన్నే ఉపసంహరించుకున్నారు. అప్పటికే సానో కుటుంబ సభ్యుల ఫొటోలను కూడా జనం ఇంటర్నెట్‌లో పెట్టేశారు. లోగోకూ ఇంట్లోవాళ్ళకూ ఏమిటి సంబంధం?

నా అసలు కోపం నిర్వాహకుల మీద. ఆ పోటీకి పేరున్న బహుమతులు గెలిచినవాళ్ళే అర్హులు. వచ్చినవి 104 ఎంట్రీలు. పంపినవాళ్ళలో ఎనిమిది మందికి ముందే లోపాయికారీగా ఆహ్వానాలు వెళ్ళాయని, వాళ్ళను మొదటి వడపోత దాటించడానికి అవకతవకలు జరిగాయని ఆ డిసెంబరులో విచారణలో తేలింది. తుది ఫలితం దానివల్ల మారలేదన్నారు. మారకపోవచ్చు. తలుపులు మూసుకొని ఎంచినదాన్ని జనం అనుమానంతోనే చూస్తారు మరి. తలుపులు మూసినవాళ్ళు వెనక నిలబడ్డారు, రాళ్ళు మాత్రం సానోకు తగిలాయి.

రెండోసారి బుద్ధి వచ్చింది. సామాన్యులకూ పోటీ తెరిచారు. 14,599 ఎంట్రీలు వచ్చాయి. చివరి నాలుగింటిని జనం ముందుంచి అభిప్రాయాలు అడిగారు. 2016 ఏప్రిల్‌లో అసావో తొకోలో గీసిన నీలిమందు రంగు గళ్ళ వలయం గెలిచింది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా తాతయ్య గళ్ళ లుంగీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. గమ్మత్తేమిటంటే, ఆ గళ్ళు ఎడో కాలం (17-19 శతాబ్దాలు) నుంచీ జపాన్‌లో బట్టల మీద ఉన్న ఇచిమత్సు నమూనా. అంత పాత నమూనా తీసుకున్నా దాన్ని దొంగతనమని వెలివేయలేదు.

పైగా పనితనం చూడండి. మూడు రకాల దీర్ఘచతురస్రాలు, మొత్తం 45 ముక్కలు. వాటినే వేరేలా పేర్చి పారాలింపిక్స్ చిహ్నం కూడా చేశాడు. అట్టముక్కలు కత్తిరించి నేనూ ప్రయత్నించాను. రెండు గంటలు కూర్చున్నా వలయం మూసుకోలేదు.