ఘాట్ రోడ్డు మీద గడియారం పెట్టండి

సైకిల్ ర్యాలీలు ఇక చాలు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం ఒకటి, 2024 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన ‘సండేస్ ఆన్ సైకిల్’ ఒకటి, ఓటరు అవగాహన ఒకటి, మత్తుమందుల మీద ప్రచారం ఇంకొకటి. పేరేదైనా తంతు ఒకటే. ఎవరో పెద్దాయన జెండా ఊపుతాడు, తెల్ల టీషర్టులు పంచుతారు, రెండు కిలోమీటర్లు తొక్కించి ఉప్మా పెట్టి పంపేస్తారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. నెల తిరిగేసరికి ఆ టీషర్టు స్కూటర్ తుడిచే గుడ్డ. దక్షిణ ఒడిశాలో కోరాపుట్, జయపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం ఊళ్లలో ఉన్న మన తెలుగువాళ్లను అడుగుతున్నాను: ఈ ర్యాలీల పుణ్యమా అని సైకిల్ తొక్కడం అలవాటైన మనిషి ఒక్కడైనా మీకు తెలుసా?

మనకు కావాల్సింది రేసు. ప్రైజు మనీ, బ్యానర్లు, ముఖ్య అతిథి ఉండే రేసు కాదు. పది పదిహేను మంది ఉన్న ఊరి క్లబ్బు ఆదివారం పొద్దున్నే తనకోసం తాను పెట్టుకునే రేసు. ప్రతి వారం అదే రోడ్డు, అదే దూరం, ఒక స్టాప్‌వాచ్. నిమిషానికి ఒకరు చొప్పున బయల్దేరతారు, ఎవరికెంత సమయం పట్టిందో ఒకాయన కాగితం మీద రాస్తాడు. దీన్ని టైమ్ ట్రయల్ అంటారు. ఇంతకన్నా చవకైన పోటీ, ఇంతకన్నా నిజాయితీ గల పోటీ నాకు తెలిసి ఇంకొకటి లేదు. అంపైర్ తప్పుగా ఔటిచ్చాడని గొడవపడే అవకాశమే లేదు.

దక్షిణ ఒడిశాలో ఉన్న మనకు దీనికి కావాల్సిన సరంజామా ఎప్పటినుంచో ఉంది. మనం దాన్ని బస్సులో వాంతులు తెప్పించే రోడ్డుగానే గుర్తుపెట్టుకున్నాం. విజయనగరం నుంచి వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి (పాతవాళ్ల నోట ఇప్పటికీ 43) సాలూరు దాటాక పి.కోనవలస దగ్గర కొండెక్కడం మొదలుపెడుతుంది. సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తు. సుంకి, పొట్టంగి, సెమిలిగూడ, సునాబెడ మీదుగా కోరాపుట్ చేరేసరికి 870. అటువైపు జయపురం నుంచి కోరాపుట్‌కు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కాల్సిన ఎత్తు రెండు వందల మీటర్ల పైనే. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి, 1,672 మీటర్లు, ఈ జిల్లాలోనే ఉంది. గంజాం వాళ్లకు తప్తపాణి ఘాట్ ఉండనే ఉంది. యూరప్‌లో ఇలాంటి రోడ్ల మీద తొక్కడానికి జనం సెలవులు పెట్టి, విమానాలెక్కి వెళ్తారు. మనం కిటికీ వేసుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుంటాం.

పోటీకి ఘాట్ రోడ్డే ఎందుకు? నా వాదనంతా నిలబడింది దీని మీదే. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడి శక్తిలో ఎనభై శాతం పైగా గాలిని తోసుకుని పోవడానికే ఖర్చవుతుంది. అందుకే అక్కడ ముందువాడి చక్రాన్ని అంటిపెట్టుకుని నక్కుతారు. అలా నక్కినవాడికి శ్రమలో పాతిక, ముప్పై శాతం మిగులుతుంది. కాబట్టి అందరూ గుంపు కడతారు. చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు సందు. ఒకడు పడితే వెనకాల పదిమంది పడతారు. ఆ రేసు పెట్టాలంటే రోడ్డు మూయాలి, పోలీసులు కావాలి, అంబులెన్స్ కావాలి. మన క్లబ్బులకు అది అయ్యే పని కాదు, అయినా నేను వద్దనే అంటాను.

కొండ ఎక్కేటప్పుడు లెక్క తిరగబడుతుంది. వేగం పది, పన్నెండు కిలోమీటర్లకు పడిపోతుంది. గాలి పెద్ద అడ్డంకి కాదు, లాగాల్సింది బరువునే. ఒకరి వెనక ఒకరు నక్కినా కలిసొచ్చేది కొంచెమే. డబ్బుతో కొనుక్కునే ఆధిక్యం కూడా ఇక్కడ బాగా తగ్గిపోతుంది. 70 కిలోల మనిషి 8 కిలోల కార్బన్ సైకిల్ మీద ఒకసారి, 11 కిలోల అల్యూమినియం సైకిల్ మీద ఇంకోసారి, అదే శక్తితో ఎక్కాడనుకోండి. మొత్తం బరువులో తేడా నాలుగు శాతం. అరగంట పట్టే ఘాట్‌లో అది నిమిషం పైచిలుకు, అంతే. లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నది ఆ ఒక్క నిమిషాన్నే. మూడు కిలోల పొట్ట తగ్గించుకుంటే అదే నిమిషం ఉచితంగా వస్తుంది.

ఇక ఆ మలుపుల సంగతి. నీకన్నా నిమిషం ముందు బయల్దేరినవాడు పై మలుపులో, నీ నెత్తి మీదుగా పోతూ కనిపిస్తాడు. మలుపు తిరిగేసరికి మాయమవుతాడు. తర్వాతి మలుపులో మళ్లీ కనిపించినప్పుడు దగ్గరయ్యాడా, దూరమయ్యాడా? నీ వెనక బయల్దేరినవాడు కింద మలుపులోంచి నిన్ను అలాగే లెక్కేస్తుంటాడు. ఎవరూ ఎవర్నీ తాకరు, ఒక్క మాట అనుకోరు, అయినా గుండె నోట్లోకొచ్చే టెన్షన్. టికెట్ పెట్టి చూసే ఆటల్లో కూడా ఇంత ఉండదు.

ఇది నేను కనిపెట్టిన ఉపాయం కాదు. లండన్‌లో క్యాట్‌ఫర్డ్ అనే క్లబ్బు 1887లో మొదలుపెట్టిన కొండెక్కే పోటీ నేటికీ ఉంది. ఆ దేశంలో 1890ల్లో రోడ్డు మీద గుంపు రేసులంటే పోలీసులు కేసులు పెట్టేవాళ్లు, చివరికి సైక్లింగ్ సంఘమే వాటిని నిషేధించింది. అప్పుడు బిడ్లేక్ అనే ఆయన 1895 అక్టోబరులో మనిషి వెనక మనిషిని వదిలి గడియారంతో పోటీ పెట్టాడు. తెల్లవారుజామున, మెడ నుంచి మడమ దాకా నల్లబట్టల్లో, ఏ రోడ్డో బయటివాళ్లకు తెలియకుండా కోడ్ పేర్లతో తొక్కేవాళ్లు. చూసినవాడికి ఎవరో డ్యూటీకి పోతున్నట్టు ఉండాలి. అర్ధ శతాబ్దం పాటు బ్రిటన్ రోడ్డు రేసింగ్ ఆ చాటుమాటు పోటీల మీదే బతికింది. 1942 జూన్‌లో పెర్సీ స్టాలార్డ్ అనే ఆయన ధైర్యం చేసి, వేల్స్‌లోని లాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్‌కు నలభై మందితో గుంపు రేసు నడిపాడు. పోలీసులు సహకరించారు. ఆయన్ని వెలివేసింది మాత్రం సైక్లింగ్ సంఘం. సంఘాలు ఎక్కడైనా సంఘాలే.

మనకు నల్లబట్టలు అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టంలో అనుమతి లేని రేసులకు శిక్ష చెప్పే 189వ సెక్షన్ పేరుకు తగ్గట్టే మోటారు వాహనాల గురించి, సైకిళ్ల గురించి కాదు. అయినా ఠాణాలో ఒక కాగితం ఇచ్చి, ముద్ర వేయించుకోవడం మంచిది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

అభ్యంతరం ఏమిటో తెలుసు. ఆ రోడ్డు మీద లారీలు తిరుగుతాయి, పశువులు అడ్డం వస్తాయి, డిసెంబరు, జనవరిలో పొగమంచుకు పది అడుగుల దూరం కనపడదు, వానాకాలంలో కొండచరియలు జారతాయి. పిల్లల ప్రాణాలతో చెలగాటం అంటారు. పొగమంచు నెలల్లో, వానాకాలంలో పెట్టొద్దనే నేనూ అంటాను. మిగతా నెలల్లో తెల్లారిన వెంటనే, ఎక్కడానికి మాత్రమే, నిమిషానికొకరు చొప్పున, హెల్మెట్, వెనక ఎర్రలైటు లేనివాణ్ని గీత దగ్గరే ఆపేసి. దిగేటప్పుడు గడియారం ఉండదు, ఎందుకంటే ప్రాణాలు పోయేది దిగేటప్పుడే. లారీ డ్రైవరు కంటికి పోటీదారు అంటే ఎడమ అంచున ఒంటరిగా పోతున్న సైకిల్ మనిషి. పాలవాడు, పేపరు కుర్రాడు, కూలికి పోయేవాడు ఆ రోడ్ల మీద రోజూ అలాగే పోతున్నారు. వాళ్ల ప్రాణాల గురించి ఇన్నాళ్లూ రాని బెంగ, క్లబ్బు జెర్సీ వేసుకున్నవాడి మీద హఠాత్తుగా ఎందుకు పుట్టింది?

ఇంకో మాట కూడా అంటారు, ఇది హెచ్‌ఏఎల్, నాల్కో కంపెనీల టౌన్‌షిప్పుల్లో జీతం బాగా వచ్చేవాళ్ల సరదా అని. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గినా, మంచి గేరు సైకిల్ మామూలు ఇంటికి బరువే, నిజం. దానికి నా జవాబు బడి సైకిల్. ఒడిశా ప్రభుత్వం తొమ్మిదో తరగతి పిల్లలకు సైకిళ్లో, సైకిల్ డబ్బులో ఇస్తోంది. గేర్లు లేని, ఇరవై కిలోల లోపు బరువుండే ఆ సైకిల్‌కే ఒక విభాగం పెట్టండి. ఘాట్ మొత్తం అక్కర్లేదు, రెండు కిలోమీటర్ల ఎగువ చాలు. అందరిదీ దాదాపు ఒకే సైకిల్, కాబట్టి సాకులు ఉండవు. కొండ మీది ఊరి నుంచి రోజూ ఎక్కీ దిగీ బడికొచ్చే గిరిజన పిల్లలు, కోంధ్ అమ్మాయి, పరజా అబ్బాయి, మన టౌన్‌షిప్పు పిల్లలకు వెనక చక్రం కూడా అందనివ్వరని నా అంచనా. మన సంఘాల ఉగాది పోటీల్లో వాళ్లెప్పుడైనా కనిపించారా? ఈ రేసుకు తెలుగు రావక్కర్లేదు, ఒడియా కూడా రావక్కర్లేదు.

ఇలాంటి చోటినుంచి పతకాలు రావా అంటే వస్తాయి. మన దేశానికి ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్‌లో మొదటి పతకం 2018లో తెచ్చిన ఎసో అల్బెన్ అండమాన్ నికోబార్ కుర్రాడు. అంతకు ముందు పేరు తెచ్చుకున్న డెబోరా హెరాల్డ్‌దీ ఆ దీవులే, సునామీలోంచి బతికి బయటపడ్డ పిల్ల. కానీ పతకం పేరు చెప్పి ఎవర్నీ ఒప్పించాలని నాకు లేదు. ఆటంటే పతకం, పతకమంటే స్పోర్ట్స్ కోటా, కోటా అంటే సీటో ఉద్యోగమో. ఈ గొలుసు మన బుర్రల్లోంచి తెగాలి.

అసలు జబ్బు అక్కడుంది. పదో తరగతి అవ్వగానే కోరాపుట్, రాయగడ తెలుగు ఇళ్ల పిల్లల్ని మూటాముల్లెతో విశాఖకో విజయవాడకో ఇంటర్ హాస్టల్‌కు పంపిస్తాం. సైకిల్ వరండాలో మిగులుతుంది. ఫలితాల రోజున బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేస్తుంది, పది మొహాలు, పది నంబర్లు. అదే కాలేజీలో, అదే మెస్సు అన్నం తిని, అంతే నిద్ర మానుకున్న మిగతా వందలమంది ఏమయ్యారు? వాళ్లకు ర్యాంకు లేక కాదు, ఆ ర్యాంకు ఎవరూ పైకి చెప్పరు. బంధువుల పెళ్లిలో “మీవాడికెంత?” అని అడిగితే తల్లి మాట మారుస్తుంది. మొదటి పదిమంది తప్ప మిగతావాళ్లంతా దాచుకోవాల్సినవాళ్లని పదహారేళ్లకే నేర్పేస్తున్నాం.

ర్యాంకు పీడ వద్దనుకుంటే బ్రెవేలు (గడువులోపు పూర్తి చేసే దూరపు సవారీలు) ఉన్నాయిగా అని నగరాల్లో సైకిల్ మిత్రులు అంటారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లోపు తొక్కితే చాలు, ముందొచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ఒకే గౌరవం. మంచిదే, తొక్కండి. కానీ అది జబ్బుకు మందు కాదు, తప్పుకుపోవడం. ర్యాంకు పాపం కాదు, పదికి మించి ర్యాంకులు దాచడం పాపం. క్లబ్బు రేసులో ఫలితాల కాగితం మీద అందరి పేర్లూ ఉంటాయి, చివరివాడి దాకా, సెకన్లతో సహా. పధ్నాలుగోవాడికి పదమూడోవాడు ఎవరో తెలుసు, తమ మధ్య తేడా పదకొండు సెకన్లని తెలుసు. వచ్చే ఆదివారం దాకా వాడి బుర్రలో ఆ పదకొండు సెకన్లే తిరుగుతుంటాయి. మొదటివాడెవడో వాడికి అనవసరం! నలభై ఐదేళ్ల బ్యాంకు క్యాషియర్ తన పోయిన నెల సమయాన్ని అరనిమిషం తగ్గించి, పన్నెండో స్థానంలో వచ్చి, టీ కొట్టు దగ్గర అందరికీ టీ చెప్పడం ఎలాంటి విజయమో మనకు అర్థం కాకుండా పోయింది. ఓడిపోవడం, ఎంత తేడాతో ఓడిపోయామో బయటికి చెప్పుకోవడం, మళ్లీ వారం రావడం. ఈ మూడూ నేర్పే బడి మన ఊళ్లలో ఒక్కటీ లేదు.

ఏ రోడ్డు ఎవరు ఎంతసేపట్లో తొక్కారో ఫోన్‌లోనే లెక్కగట్టి పోల్చే స్ట్రావా యాప్ ఉందిగా అని కుర్రాళ్లు అడగొచ్చు. ఉంది, అందులో దిగుడు రికార్డులు కూడా ఉన్నాయి, ప్రాణాల మీదికి తెచ్చేవి అవే. పైగా స్కూటర్ మీద పోతూ ఫోన్ ఆన్ చేసినవాడు కూడా అందులో చాంపియనే. గీత దగ్గర పక్కనే నిలబడి మన మొహం చూసే మనిషి లేని పోటీ పోటీ కాదు.

సరిహద్దు తంటా ఒకటుంది. కోరాపుట్‌కు విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు, భువనేశ్వర్ దాదాపు 500. హాకీ మీద ఈ రాష్ట్రం పెట్టిన శ్రద్ధ గొప్పదే, దాని ఫలం మాత్రం భువనేశ్వర్, రూర్కెలా దాటి ఈ కొండలెక్కలేదు. జాతీయ పోటీలకు వెళ్లాలంటే రాష్ట్ర సంఘం పంపాలి. దగ్గరున్న ఆంధ్రకు మనం పరాయివాళ్లం, మన రాష్ట్ర రాజధానికి మరీ దూరపువాళ్లం. ఒడిశా విడిగా ఏర్పడ్డ 1936 ఏప్రిల్ 1 నుంచీ ఇదే వరస. అందుకే రాష్ట్ర సంఘాల గుర్తింపు కోసం ముందే పరిగెత్తొద్దంటున్నాను. లెటర్‌హెడ్, అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు వచ్చాక రేసు మొదలైన క్లబ్బును నేను చూడలేదు. మొదట ఒడిశా వైపే మొదలై ఒడిశా వైపే ముగిసే దారి ఎంచుకుంటే ఒక్క ఠాణాతో పని అయిపోతుంది. సాలూరు, పార్వతీపురం వాళ్లు రావాలనుకుంటే తొలి బస్సుకు వస్తారు.

ఖర్చు లెక్క కూడా చెప్పేస్తాను. రెండు స్టాప్‌వాచ్‌లు (ఒకటి ఆగిపోతుంది, తప్పదు), గీత గీయడానికి సున్నం, వీపుకు కట్టుకునే నంబరు గుడ్డలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మలుపుల దగ్గర నిలబడే నలుగురు మనుషులు, వెనక వచ్చే ఒక బైకు. మన సంఘాలు ఏటా క్రికెట్ టోర్నమెంట్ షీల్డులకు, ముఖ్య అతిథి శాలువాలకు పెట్టే డబ్బులో ఇది ఏపాటి? ఈ ఉగాదికి శాలువా మానేసి గడియారం కొనండి. రాసే బాధ్యత మాత్రం తొక్కనివాడికి ఇవ్వండి, లేకపోతే మొదటి వారమే తగువు.