నవ్వుకు ముందు అర క్షణం

మాదాపూర్‌లో ఒక కేఫ్ పై అంతస్తు. యాభై కుర్చీలు, ఒక మైకు, నీళ్ల సీసా పెట్టుకోవడానికి ఒక స్టూలు. గురువారం రాత్రి స్టాండప్ కామెడీ ఓపెన్ మైక్, అంటే ఎవరైనా ఒంటరిగా మైకు ముందు నిలబడి నవ్వించి చూసుకోవచ్చు. మనిషికి అయిదు నిమిషాలు. టైము దగ్గర పడగానే వెనక నుంచి ఫోన్ లైటు వెలుగుతుంది, ఇక ముగించమని. మొదట ఎక్కిన నలుగురూ ఇంగ్లిషు, హిందీ కలిపి మాట్లాడారు. డేటింగ్ యాప్‌లు, ట్రాఫిక్, మేనేజర్లు. అక్కడక్కడా నవ్వులు పడ్డాయి. అయిదో అమ్మాయి, మాది కరీంనగర్ అని చెప్పి తెలుగులోకి దిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడిన రోజు ఇంటికి ఫోన్ చేసిందట.

"అమ్మా, కొలువు పోయిందే."

"పోతే పోనీ తియ్యి. తిన్నవా?"

గదిలో అర క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత నవ్వు పేలింది. నా పక్క కుర్చీలో ఐడీ కార్డు మెడలోంచి తీయని కుర్రాడు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ అర క్షణం కోసమే తెలుగు స్టాండప్ బతకాలని నేను కోరుకుంటున్నాను. మన సినిమా దశాబ్దాలుగా తెలంగాణ యాసను, ఉత్తరాంధ్ర యాసను హాస్యగాడికో రౌడీకో అంటగట్టింది. పాత్ర నోరు తెరిస్తే చాలు, హాల్లో నవ్వులు. యాసే జోకు. మాదాపూర్ గదిలో ఆ యాస మాట్లాడే మనిషే మైకు పట్టుకుని, ఎక్కడ నవ్వాలో తానే నిర్ణయించింది. అదే మాట ఇంగ్లిషులో చెప్పి ఉంటే ఉద్యోగం పోయిన వార్త మిగిలేది, అమ్మ మిగిలేది కాదు.

స్టాండప్ దిగుమతి సరుకు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. రూపం బయటిదే, ఒప్పుకుంటాను. కానీ తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో దూరి ఊరి సంగతులు ఎత్తిపొడిచే కేతిగాడు, జుట్టుపోలిగాడు మనవాళ్లే. బుర్రకథనే చూడండి. నడుమ తంబుర మీటే కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం చెప్పే వంత. ముగ్గురు పంచుకున్న ఆ పనిని స్టాండప్‌లో ఒక్కరే మోస్తున్నారు. మోయడంతో పాటు ప్రమాదమూ పాతదే. బ్రిటిష్ హయాంలో మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి.

ఇప్పటి ప్రమాదం ఫోన్‌లోంచి కూడా వస్తోంది. అయిదు నిమిషాల సెట్‌లో ముప్పై సెకన్లు కత్తిరిస్తే జోకుకు ముందు దారి వేసే సెటప్ పోతుంది, గొంతులోని చనువు పోతుంది, ఆ అర క్షణం నిశ్శబ్దమూ పోతుంది. మాట ఒక్కటే మిగిలి, ఎవరికి కోపం తెప్పించాలో వాళ్ల దగ్గరికి చేరుతుంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో ఒక కేఫ్ షో దగ్గర అరెస్టయిన స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీ, సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చేదాకా నెలకు పైగా జైల్లో ఉన్నాడు. 2025 మార్చిలో మరో కమెడియన్ కునాల్ కామ్రా వీడియో బయటికొచ్చాక, అది తీసిన ముంబై ఖార్‌లోని హాబిటాట్ క్లబ్బును ధ్వంసం చేశారు. మాట ఒకరిది, పగిలినవి ఆ గది కుర్చీలు. ఇలాంటివి చూసిన చిన్న కేఫ్ యజమాని మరుసటి వారం మైకు ఇవ్వడానికి జంకితే అతన్ని నేను తప్పుపట్టలేను. తప్పు రక్షణ ఇవ్వని వ్యవస్థది. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు: అదే ఫారూఖీ షో 2022 ఆగస్టు 20న హైదరాబాద్ శిల్పకళా వేదికలో గట్టి పోలీసు బందోబస్తు మధ్య జరిగింది.

భయం వల్ల ఇంకో నష్టమూ కనిపిస్తోంది. రాసిన జోకు వివాదం కావచ్చు కాబట్టి చాలామంది క్రౌడ్ వర్క్‌కు మళ్లుతున్నారు. "ఎక్కడ్నుంచొచ్చారు బ్రో? పెళ్లయిందా?" ముందు వరుసలో ఒకర్ని పట్టుకుని ఆడుకోవడం. రీల్‌కు బాగా పనికొస్తుంది. కానీ పంచ్ పడని చోట కొట్టేసి, మళ్లీ రాసి, వచ్చే వారం మళ్లీ చెప్పి చూసుకునే కష్టమే ఈ కళకు ప్రాణం. ఆ రాత్రి ఒక కుర్రాడి సెట్ మొత్తం చప్పగా సాగింది. అయినా దిగేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అలా విఫలం కావడానికి చోటు కావాలి, అది కెమెరా లేని చోటు కావాలి.

హైదరాబాద్‌లో అలాంటి చోట్లున్నాయి. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010 నుంచీ తలుపులు తెరిచే ఉంచింది. జిల్లాల్లోనే కరువు. మిమిక్రీని దేశమంతా వినిపించిన నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన వరంగల్‌లోనైనా, విజయవాడలోనైనా, వారానికో రాత్రి తెలుగు ఓపెన్ మైక్‌కు ఒక చిన్న హాలు ఇవ్వడం మున్సిపాలిటీకి మోయలేని ఖర్చేమీ కాదు.

షో అయ్యాక మెట్ల దగ్గర కరీంనగర్ అమ్మాయిని పలకరించాను. మీ అమ్మగారు ఈ జోకు విన్నారా అని అడిగాను. "ఇంకా లేదు సార్. అమ్మ రాత్రిపూట ఇంత దూరం రాదు. మా ఊర్ల ఇసొంటి రూమ్ లేదు" అంది.