మూడో రోజు రక్తపరీక్ష ఎవరి బాధ్యత?

గుండెకు యాంజియోగ్రామ్ చేయించుకున్న రోగి చాలాసార్లు మర్నాటికే ఇల్లు చేరతాడు. మణికట్టు మీద చిన్న కట్టు, చేతిలో మందుల చీటీ, గండం గడిచిందన్న ఊరట. రక్తనాళాలు తెరపై కనబడేందుకు ఎక్కించిన అయోడిన్ డై కిడ్నీలను దెబ్బతీస్తే మాత్రం ఆ సంగతి అప్పటికింకా బయటపడదు. కిడ్నీల పనితీరును చెప్పే రక్తంలోని వ్యర్థం క్రియాటినిన్ సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో పెరగడం మొదలై, 3 నుంచి 5 రోజులకు బాగా ఎక్కువవుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, మూత్రమూ మామూలుగానే వస్తుంటుంది. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చేయాల్సిన వేళకు రోగి ఆసుపత్రిలో ఉండడు.

మా అభ్యంతరం డై మీద కాదు. గుండెపోటుతో వచ్చిన మనిషికి కిడ్నీల భయంతో చికిత్స ఆలస్యం చేస్తే అసలుకే మోసం. క్రియాటినిన్ పెరిగిన ప్రతిసారీ తప్పు డైదే అనలేం కూడా. బీపీ పడిపోయినా, గుండె పంపింగ్ తగ్గినా కిడ్నీలకు రక్తం చాలదు. చాలామంది ఒకటి రెండు వారాల్లో కోలుకుంటారు. అప్పటికే కిడ్నీలు బలహీనపడినవారి సంగతి వేరు, అందులోనూ షుగర్ ఉంటే మరీనూ.

వీరికి మందులతో రక్షణ కల్పించాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు. ఐదు వేల మందికి పైగా రోగులతో చేసిన ప్రిజర్వ్ అధ్యయనం 2018లో వెలువడింది. ఎసిటైల్‌సిస్టీన్ వల్ల ప్రయోజనం కనబడలేదు, సోడియం బైకార్బొనేట్ మామూలు సెలైన్‌ను మించలేదు. పోనీ సెలైనే ధారాళంగా ఎక్కిద్దామా అంటే, గుండె బలహీనంగా ఉన్నవారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇక మిగిలింది డై పొదుపుగా వాడటం, తొందర లేనప్పుడు బ్లాకులన్నీ ఒకే విడతలో తేల్చేయాలనుకోకపోవడం. ఆ రోజుల్లో నొప్పి మాత్రల జోలికి పోవద్దని రోగికి ఎవరో ఒకరు చెప్పాలి కూడా.

స్టెంట్ పొడవును మిల్లీమీటర్లలో రాసే రిపోర్టులో, డై ఎన్ని మిల్లీలీటర్లు వాడారో రాయడానికి ఒక్క లైను చాలు. ముప్పు ఉన్నవారి డిశ్చార్జ్ కాగితంలో క్రియాటినిన్ పరీక్ష తేదీ కూడా ఉండాలి. 'అవసరమైతే రండి' అంటే కుదరదు, అవసరమో కాదో రోగికెలా తెలుస్తుంది? డై కారణంగా షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఆపినవారు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చేది కూడా ఆ పరీక్షే.