బినైన్ ఫైబ్రో ఆసియస్ లీజన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బినైన్ ఫైబ్రో ఆసియస్ లీజన్ గారికి,

నమస్కారాలు. క్యాన్సర్ కాని, పీచూ ఎముకా కలిసిన గాయం (దెబ్బ కాదు, జబ్బు పట్టిన చోటు) అని తమరి పేరుకు అర్థం. దవడ బయాప్సీ రిపోర్టుల్లో ఆఖరి పంక్తిని శాశ్వతంగా ఆక్రమించుకుని, పక్కన 'క్లినికల్, రేడియోలాజికల్ కోరిలేషన్ అవసరం' (రోగినీ, ఎక్స్‌రేనూ కలిపి చూసుకోండి) అనే అంగరక్షకుణ్ణి నిలబెట్టుకుని తమరు వెలగబెడుతున్న వైభోగం చూస్తూనే ఉన్నాం. మిమ్మల్ని రాసిన పాథాలజిస్టు తప్పు పట్టడానికి దొరకడు. చదివిన సర్జన్‌కి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. రోగి మాత్రం డబ్బు కట్టి, నోరు తిరగని మీ పేరు ఇంటికి పట్టుకెళ్తాడు.

మీరు అబద్ధమాడారని అనడం లేదు. మామూలు ఎముక ఉండాల్సిన చోట పీచు కణజాలం, అందులో కొత్త ఎముకో పంటి వేరును కప్పి ఉండే సిమెంటం లాంటి పదార్థమో ఉంది. అంతవరకు నిజమే. కానీ అది ఇంటిపేరు. ఆ ఇంట్లో ముఖ్యంగా ముగ్గురున్నారు: ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, ఆసిఫైయింగ్ ఫైబ్రోమా, సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా. మొదటివారిని ఎదుగుదల ఆగేదాకా కనిపెట్టుకుని ఉండాలి. రెండోవారిని మొత్తంగా తీసేయాలి. మూడోవారి జోలికి చాలాసార్లు పోనేకూడదు. మీరు వీధి గుమ్మంలో నిలబడి ఇంటిపేరు కేకేసి వెళ్లిపోతే, కత్తి పట్టుకున్నవాళ్లు ఎవరి మీదికి పోవాలి?

ఫైబ్రస్ డిస్‌ప్లేసియా గారిది జీఎన్‌ఏఎస్ జన్యువులో వచ్చిన మార్పు. పిండం ఏర్పడ్డాక కొన్ని కణాల్లోనే వస్తుంది కనుక తల్లిదండ్రుల వంశాన్ని తవ్వక్కర్లేదు. పిల్లల్లో, టీనేజ్‌లో, ఎక్కువగా పైదవడలో, నొప్పి లేకుండా బుగ్గ ఎత్తుగా లేస్తుంది. ఎక్స్‌రేలో గ్రౌండ్ గ్లాస్ (గరుకు గాజు) రూపం. ఇక్కడితో ఆగిందని అంచు మీద వేలు పెట్టి చూపించలేం, మామూలు ఎముకలో కలిసిపోతుంది. కింది దవడలో వస్తే నాడి కాలువను పైకి నెడుతుంది. ఈ ఒక్క గుర్తు చాలాసార్లు స్లైడ్ కంటే ఎక్కువ పని చేస్తుంది. స్లైడులో ఎముక పుల్లలు వంకరటింకరగా, ఆస్టియోబ్లాస్టుల (ఎముకను కట్టే కణాల) వరస లేకుండా ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. దవడలో పాతబడ్డ గాయం మాత్రం ఆ మాట వినదు. పొరల ఎముకా వస్తుంది, ఆస్టియోబ్లాస్టుల వరసా వస్తుంది. పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి పోల్చేవాళ్లు అక్కడే మీ ఒళ్లో వచ్చి పడతారు. దీనికి రేడియేషన్ ఇవ్వకూడదు, సార్కోమాగా (ఒక రకం క్యాన్సర్‌గా) మారే ముప్పు పెరుగుతుంది. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, వయసు రాకముందే రజస్వల కావడం ఉంటే, ఎముకతో పాటు చర్మాన్నీ హార్మోన్లనూ పట్టే మెక్‌క్యూన్ ఆల్‌బ్రైట్ సిండ్రోమ్ కోసం వెతకాలి. ఆ మచ్చలు చూడాలంటే రోగిని చూడాలి. మీకు ఆ అలవాటు లేదు.

ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అసలైన కణితి. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు స్త్రీలలో, కింది దవడ దవడపళ్ల దగ్గర వస్తుంది. ఎక్స్‌రేలో అంచు స్పష్టం, చుట్టూ సన్నని నల్లని గీత. అన్ని వైపులా సమానంగా ఉబ్బుతుంది కాబట్టి దవడ కింది అంచును కిందికి వంచుతుంది, పళ్ల వేళ్లను పక్కకు తోస్తుంది. ఆపరేషన్‌లో చాలాసార్లు ఒకే ముద్దగా ఊడివస్తుంది. చిన్నపిల్లల్లో వచ్చే జువెనైల్ రకాలు మాత్రం తీసినా మళ్లీ రావడంలో గట్టివి. వాటి మీద కూడా మీ పేరే అతికించి పంపేస్తే తల్లిదండ్రులు 'బినైన్' అన్న ఒక్క మాట చూసుకుని మళ్లీ చూపించుకోవడం మానేస్తారు.

ఇక సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా. మీ ఇంట్లో అందరికంటే ఎక్కువమంది దీని బాధితులే, అందరికంటే ఎక్కువ అన్యాయమూ దీనికే. ఎక్స్‌రేలో కింది ముందుపళ్ల వేళ్ల చివర నల్లని గుండ్రని మచ్చ కనిపిస్తుంది. పన్నుకు పుప్పి లేదు, దెబ్బ తగల్లేదు, నొప్పి లేదు. అయినా రూట్ కెనాల్ మొదలవుతుంది! చల్లని దూది ముక్క ఆనించి పల్ప్ (పంటి లోపలి నాడి, రక్తనాళాలున్న మెత్తని భాగం) బతికుందో లేదో చూడటానికి నిమిషం చాలు. బతికున్న పంటి కింద మచ్చకు రూట్ కెనాల్ చేస్తే మచ్చ అలాగే ఉంటుంది, పల్ప్ పోతుంది. ఈ గాయం మొదట నల్లగా, తర్వాత నలుపు తెలుపు కలగలుపుగా, చివరికి నల్లని అంచున్న తెల్లని గడ్డగా మారుతుంది. నల్లజాతి మధ్యవయసు స్త్రీలలో ఎక్కువని చదివి మనవాళ్లకు రాదనుకునేవాళ్లూ ఉన్నారు. వస్తుంది. దవడల్లో ఒకటికి మించిన భాగాల్లో వచ్చే ఫ్లోరిడ్ రకంలో ఆ తెల్లని పదార్థానికి రక్తప్రసారం తక్కువ. అక్కడ పన్ను పీకినా, కట్టుడు పళ్లు ఒరుసుకుని చిగురు తెగినా, చివరికి మీ పేరు తెలుసుకుందామని ముక్క కోసినా ఇన్‌ఫెక్షన్ దిగి ఆస్టియోమైలైటిస్ (ఎముక లోపలికి పాకిన ఇన్‌ఫెక్షన్) పట్టుకోవచ్చు. ఎక్స్‌రేతోనే తేలే జబ్బుకు మీ సంతకం కోసం రోగిని మంచం ఎక్కించడం ఏం మర్యాద?

మీ దర్జాకు ఎరువు వేసేది మీరొక్కరే కాదని ఒప్పుకుంటాం. ముక్కతో పాటు సర్జన్ పంపే రిక్విజిషన్ ఫారంలో 'కుడి దవడ వాపు' అని రెండు ముక్కలు, వయసు గడి ఖాళీ, ఓపీజీ (రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే) లేదు, సీబీసీటీ (దవడల త్రీడీ స్కాన్) లేదు. ముక్క గాయం నట్టనడుమ నుంచి వస్తుంది, గింజంత. తేడా తెలిసేది అంచులో కదా! పక్క ఎముకతో కలిసిపోయిందా, విడిగా ఉందా అన్నది అంచు లేకుండా ఎవరు చెప్పగలరు? ఆపరేషన్‌లో ఒకే ముద్దగా వచ్చిందా, ఇసుకలా పొడిపొడిగా రాలిందా అని సర్జన్ ఒక్క వాక్యం రాసినా ఫైబ్రోమానో డిస్‌ప్లేసియానో సగం తేలుతుంది. ఆ వాక్యం రాయరు. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లైనా ఉండదు. ఎముకను త్వరగా మెత్తబరచాలని ఘాటైన ఆమ్లంలో వేస్తారు. కణాల రంగు చెడుతుంది, డీఎన్‌ఏ ముక్కలవుతుంది. తర్వాత జీఎన్‌ఏఎస్ పరీక్ష అడిగితే ఏమొస్తుంది? కాల్షియాన్ని మెల్లగా లాగే ఈడీటీఏ ద్రావణంలో వేస్తే ఆలస్యమే, కానీ పరీక్షకు పనికొచ్చే ముక్క మిగులుతుంది.

పేరు ముందు 'బినైన్' అని బిరుదు తగిలించుకోవడంలో కూడా కాస్త ఆలోచించండి. తక్కువ గ్రేడ్ ఆస్టియోసార్కోమా (మెల్లగా పెరిగే ఎముక క్యాన్సర్) ఒక్కోసారి మీ వేషంలోనే వస్తుంది. పెద్దవారిలో వాపు వేగంగా పెరుగుతుంటే, పెదవి మొద్దుబారితే, కార్టెక్స్ (ఎముక గట్టి పైపొర) తెగితే, చిన్న ముక్కలో మీ ముఖం కనబడినంత మాత్రాన ఎవరూ నిద్రపోకూడదు.

కాబట్టి ఇకపై తమరు రిపోర్టులోకి దయచేసేటప్పుడు వెంట ఒంటిపేరు తెచ్చుకోండి. తేలేంత సమాచారం లేకపోతే ఏది లేదో రాయించండి: 'అంచు లేని ముక్క, ఎక్స్‌రే పంపలేదు, పంపితే తిరిగి చూస్తాం' అని. అంగరక్షకుడికి కూడా పని దొరుకుతుంది.

ఇట్లు,
మీ కింది పంక్తిలో సంతకం చేసేవాళ్లు

తా.క.: ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అని తేలితే, ముఖ్యంగా ఒకటికి మించి ఉన్నా, కుటుంబంలో ఇంకెవరికైనా ఉన్నా, రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ (మెడలో, కాల్షియాన్ని అదుపు చేసే గ్రంథి) హార్మోన్ ఒకసారి చూడమని రాయించండి. సీడీసీ73 జన్యులోపంతో వచ్చే సిండ్రోమ్‌లో దవడ గడ్డతో పాటు పారాథైరాయిడ్ కణితి ఉంటుంది, అది ఒక్కోసారి క్యాన్సర్ కూడా. ఆ పరీక్షకు బయాప్సీ అక్కర్లేదు, సిరంజి చాలు.